కదలని ఓడ

తుఫానుకు పేరుంది. ముద్దుగా ఆడపిల్ల పేరు పెట్టారు. స్క్రీను మీద అది పెద్ద అక్షరాల్లో మెరుస్తోంది, పక్కనే ఎర్రగా నాలుగో నంబరు, అంటే ఇళ్ళ కప్పులు లేచిపోయేంత గాలి. దాని దారిలో ఉన్న దీవికి మాత్రం పేరు లేదు. పేరు దాకా ఎందుకు, అసలు దీవే లేదు, అక్కడ ఉత్త నీలం రంగు ఉంది. ఐదింటికి బులెటిన్ పోవాలి. ఇప్పుడు నాలుగు దాటింది. మాదాపూర్‌లో ఈ ఏడో అంతస్తు మొత్తానికి నేనూ, తలుపు దగ్గర కునుకు తీస్తున్న సెక్యూరిటీ ఆయనా తప్ప మనిషి లేడు. కుర్చీలన్నీ తెలంగాణ కోసం సమ్మెలో ఉన్నాయి, ఏసీ మాత్రం వందమంది ఉన్నట్టే కొడుతోంది, అయినా నా ఒళ్ళు మండుతోంది. నీళ్ళట! నిన్న కూడా చూశాను కదా ఉపగ్రహం తీసిన ఫొటోలో. దగ్గరికి లాగి చూస్తే రేకుల ఇళ్ళు, వంకర తిరిగిన ఒక జెట్టీ, ఒక ఇంటి వెనక దండెం మీద ఆరేసిన ఎర్రటి గుడ్డ. చీర కాదని తెలుసు, దుప్పటి అయ్యుంటుంది. నీళ్ళ మీద దండెం ఎవరు కడతారు? చేపలు బట్టలు ఉతుక్కుంటాయా?

మా కంపెనీ పని తుఫాన్లను వెంటాడటం. ఎక్కడో ఆఫ్రికా పక్కన సముద్రంలో పుట్టి, అట్లాంటిక్ దాటి, కరీబియన్ దీవుల మీద పడే గాలులకు ఇక్కడ హైటెక్ సిటీలో కూర్చుని జాతకం రాస్తాం. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అని అమ్మ నవ్వుతుంది. గంటగంటకూ కన్ను చూడాలి, తుఫాను నడుమ ఉండే ఖాళీ గుండ్రాన్ని. కన్ను చెదిరినట్టుంటే తుఫాను అలిసిందని, చిన్నగా గుండ్రంగా బిగిసిందంటే బలం పట్టిందని. పొద్దున ఇది వెడల్పుగా, బద్ధకంగా ఉంది. మధ్యాహ్నానికి ఇసుర్రాయి నడుమ గుంతలాగా బిగుసుకుంది. విమానంలో లోపలికి పోయి కొలిచినవాళ్ళ లెక్క కూడా అదే చెప్పింది. ఎంత బలం, ఏ దీవి మీదికి, ఎప్పుడు, అంతే మేం రాసేది. అది పడవల కంపెనీలకు పోతుంది. సోరెల్ అనే పెద్ద దీవి రేవులో మా క్లయింటు పడవ ఒకటి ఉంది, బులెటిన్‌లో పేరున్న చిన్న దీవులకు పోయి జనాన్ని ఎక్కించుకొస్తుంది. నిన్న సాయంత్రం దాకా ఆ పనిలోనే ఉంది. మిగిలింది ఒక్క లిటిల్ సోరెల్, నా ఎర్ర గుడ్డ దీవి. తుఫాను దారికి కుడి పక్కన, గాలి ఎక్కువ కొట్టే పక్కన, అది అమాయకంగా కూర్చుని ఉంది. దాని పేరు బులెటిన్‌లో లేదు కాబట్టి పడవ పోదు. అక్కడిప్పుడు తెల్లవారుతోంది. ఈ ఐదింటి బులెటిన్ దాటిందా, ఇంక సముద్రం ఎవర్నీ పోనివ్వదు.

ఎందుకు లేదంటే, మా సాఫ్ట్‌వేర్ సముద్రాన్ని గళ్ళుగా కోస్తుంది. గడిలో సగానికి మించి నేల ఉంటేనే నేల, లేకపోతే నీళ్ళు. లిటిల్ సోరెల్ సన్నగా ఒక గడి మూలన పడుకుని ఉంది. అది దాని తప్పు. లావుగా పుట్టాల్సింది! ఈ మాటే మా మేనేజర్ హేమంత్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన నిజాంపేటలో ఇంట్లోనే ఉన్నాడు, రోడ్లు బంద్ అని. నన్ను మాత్రం నిన్ననే తెచ్చి కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పడేశారు, "హరికేన్‌కి బంద్ ఉండదు కదా భూ" అని. నా పేరు భూలక్ష్మి. నోరు తిరగదని భూ చేశారు, అమెరికావాళ్ళయితే దయ్యాన్ని చూసి దడుచుకున్నట్టు "బూ" అంటారు. అదీ ఓర్చుకున్నాను.

"నువ్వు చెప్పేది నాకు అర్థమవుతుంది భూ," అన్నాడు. "కానీ గ్రిడ్‌లో లేని ల్యాండ్‌ని మనం ఎట్ల చూపిస్తాం? రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పేది?"

"మనుషులున్నరు సార్ అక్కడ."

"ఉండొచ్చు. అది వాళ్ళ గవర్నమెంట్ చూసుకుంటుంది. మనం డేటా ఇస్తాం, అంతే. నీ మీద నమ్మకంతోనే కదా ఈరోజు అప్రూవల్ కూడా నీకే ఇచ్చింది. టెంప్లేట్‌ను టచ్ చేయొద్దు, ప్లీజ్."

మామూలు రోజుల్లో ఒకరు రాస్తారు, ఇంకొకరు చూసి పంపుతారు. ఈరోజు చూసేవాళ్ళు లేరు కాబట్టి రెండు తాళాలూ నా కొంగుకే కట్టారు. కట్టి, తలుపు తీయొద్దంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే. నమ్మకమట. నమ్మకం కాదు, గతిలేకపోవడం, ఆ మాట ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, కింద రోడ్డు మీద కూర్చున్న జనానికి ఇంకా బాగా తెలుసు, వాళ్ళు అక్కణ్ణుంచి లేవకుండా కూర్చుంటేనే నాలాంటిదాని చేతికి తాళాలొస్తాయని.

నీలం రంగంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఎనిమిదో తరగతిలో జిల్లా మ్యాపు గోడకు తగిలించి ఎవరి ఊరు వాళ్ళు చూపించండి అన్నారు సార్. పిల్లలంతా వెళ్ళి వేలు పెట్టి చూపించారు, కొల్లాపూర్, పెంట్లవెల్లి, ఇంకేవో. నేను వెళ్ళి నది మీద పెట్టాను. క్లాసంతా నవ్వింది. "కప్పవా నువ్వు?" అన్నారు సార్. నేనేం చేయను, నాయిన చూపించిన చోటు అదే, కృష్ణ వంపు తిరిగిన దగ్గర, ఎడమ ఒడ్డున, సుంకులపెంట. కృష్ణ మీద డ్యాం కట్టినప్పుడు పెద్ద ఊళ్ళ మీద ఆఫీసర్ల కాగితంలో చుక్కలున్నాయి, చుక్క ఉన్న ఊరికి జనాన్ని తరలించే లారీ వచ్చింది. సుంకులపెంటకు చుక్క లేదు. ఇరవై, ముప్పై గడపల పల్లె, మా దిక్కు పెంట అంటారు, ఎవడు గీస్తాడు? మీ దాకా నీళ్ళు రావు అన్నారు. వచ్చాయి. నీళ్ళకు చదువు రాదు కదా, కాగితం చూసుకుని ఆగడానికి. అప్పటికి మా నాయిన మొగిలి, మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లాడు, అమ్మను పెళ్ళి చేసుకుని తెచ్చి ఏడాది కాలేదు. చేపలు పట్టే పుట్టి ఒకటి ఉంటే, గుండ్రంగా తిరుగుతూ పోయే ఆ తోలు పుట్టిలో ఊరందరినీ గట్టుకు చేర్చాడు. ఆఖరి విడతలో నాయినకు తండ్రి, మా తాత ఈశ్వరయ్య ఎక్కాలి. ఎద్దు కట్టేసి ఉంది, తాడు కోసి వస్తానని వెనక్కి పోయాడు. ఎంతసేపు అరిచినా రాలేదు. పుట్టిలో పసిపిల్లలున్నారు, ఆగే వీలు లేదు, నాయిన తెడ్డు వేశాడు. నేను పుట్టకముందు మాట ఇది, నేను చూడని మనిషి ఆయన. తర్వాత మునిగిపోయినవాళ్ళ లెక్క రాసుకునేవాడొస్తే నాయిన పోయి చెప్పాడట. ఏ ఊరు అన్నాడు వాడు. సుంకులపెంట. వాడు కాగితం కింది నుంచి పై దాకా చూసి, అసలు ఆ ఊరే లేదు కదయ్యా అన్నాడు. లేని ఊళ్ళో చచ్చినవాడు ఎట్లా ఉంటాడు? ఉండడు.

కానీ ఎండాకాలం వస్తే ఊరు లేచేది. నీళ్ళు అడుక్కు పోయి, బురద ఆరి నెర్రెలు బారి, గోడల మొదళ్ళు బయటపడేవి. మా పెంటవాళ్ళంతా ఎక్కడెక్కడ కూలికి పోయినవాళ్ళయినా ఆ ఒక్క రోజు వచ్చేవాళ్ళు, పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల కింద గుడిసెల్లో ఉన్నవాళ్ళు, బొంబాయి పోయినవాళ్ళు. ఎవరి గడప రాయి వాళ్ళు వెతుక్కుని, ఎవరి పొయ్యి ఉన్న చోట వాళ్ళు మూడు రాళ్ళు పెట్టి వండేవాళ్ళు. అన్నం, పప్పుచారు, ఎండుచేపలు. పై కప్పు లేదు, గోడ మోకాలి ఎత్తు, అయినా అమ్మ గడప తొక్కకుండా దాటేది, నన్నూ దాటమనేది. నాయిన మొదటి ముద్ద ఎద్దు కట్టేసిన చోట పెట్టి వచ్చేవాడు. పొద్దు గూకితే అంతా లేచి చేతులు దులుపుకుని బస్సెక్కేవాళ్ళం. నెల తిరిగితే మళ్ళీ నీలం. హేమంత్‌కూ ఈ కథ ఉంది, అందుకే ఆయన మీద రెండింతలు మండుతుంది. వాళ్ళది నది అవతలి ఒడ్డు, కర్నూలు వైపు. క్యాంటీన్‌లో ఒకరోజు ఇడ్లీ తుంచుతూ, "మా తాతగారి ఊరు కూడా అదే నీళ్ళలో ఉంది భూ, సో వియ్ ఆర్ నైబర్స్!" అని నవ్వాడు. వాళ్ళ ఊరికి చుక్క ఉంది. లారీ వచ్చింది. చుక్క ఉన్నవాడికి నవ్వొస్తుంది, ఏం చేస్తాం.

ఫోన్ మోగింది, అమ్మ. కిటికీ దగ్గరికి పోయి చూశాను. కింద రోడ్డు పొడుగునా వంటావార్పు, రాళ్ళ పొయ్యిలు, గంజులు, డప్పులు, గులాబీ జెండాలు. ఇంత పైనుంచి అద్దంలోంచి డప్పు వినబడదు, పొగ మాత్రం కనబడుతుంది. రోజూ ఈ రోడ్డు ఊడ్చే ఆడవాళ్ళు, ఈ బిల్డింగుల్లో బాత్‌రూములు కడిగే ఆడవాళ్ళు ఈరోజు రోడ్డు నడుమ కాళ్ళు చాపుకుని బియ్యం ఏరుతున్నారు. అందులో మా అమ్మ సాయమ్మ ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను.

"ఏందే, పైకెక్కి కూసున్నవ్, జర కిందికి గూడ సూడు," అంది. "గాలికి పొయ్యి అంటుకుంటలేదు. గా దేశం గాలి పక్కకు వెట్టి ఈడ గాలి ఆపరాదు?"

"జర ఆగే అమ్మా. పనుంది."

"నీ పనికి బంద్ లేదా? అందరి బిడ్డలు వచ్చిన్రు, నా బిడ్డనే అద్దాల బంగ్లల ఉంది. నాకెంత షరం అనిపిస్తుందో ఎరుకేనా?"

ఫోన్ పెట్టేశాను. కుర్చీ వైపు తిరిగాను. లాబీలో టీవీ ఒకటి నోరు మూసుకుని ఆడుతోంది, కింద అక్షరాలు పాకుతున్నాయి, తగ్గిన సమ్మె తీవ్రత అని. ఎక్కడ కొలిచావు నాయనా తీవ్రత? స్టూడియోలో కూర్చునా? కన్ను చూశావా, లోపలికి పోయి గాలి కొలిచావా, ఆ ఆడవాళ్ళ పక్కన ఒక్క పూట కూర్చుని పొయ్యి ఊదావా? దూరంగా కూర్చుని కొలిచేవాళ్ళందరిదీ ఒకటే తెగులు, వాళ్ళ గడిలో పట్టనిది వాళ్ళకు లేనే లేదు. ఆ కొలిచేవాళ్ళలో నేనూ ఒకదాన్ని కదా, జీతం తీసుకుంటున్నదాన్ని కదా అనుకునేసరికి కోపం తిరిగి నా నెత్తి మీదే కూర్చుంది.

సోరెల్ రేవుకు ఫోన్ చేశాను. క్లయింటుకు నేరుగా ఫోన్ చేయకూడదని రూలు, చేశాను. గాలి హోరులో ఒక పెద్దావిడ ఎత్తింది, పేరు ఓడెట్ అని చెప్పింది. లిటిల్ సోరెల్‌లో మనుషులున్నారు, పడవ పంపండి అని నా ఇంగ్లీషులో గబగబా చెప్పాను. ఆవిడ నవ్వింది, అది నవ్వు కూడా కాదు. "అమ్మాయీ, అక్కడ మనుషులున్నారని నాకు నువ్వు చెప్తున్నావా? నేను పుట్టిందే అక్కడ. మా చెల్లెలు ఇప్పుడు అక్కడే ఉంది. కెప్టెన్ ఇంజను ఆపకుండా కూర్చున్నాడు, తాడు విప్పడమే ఆలస్యం. కానీ మీ కాగితంలో పేరు ఉంటేనే పడవ విప్పాలని మా ఆఫీసు ఆర్డరు, లేకపోతే ఉద్యోగం పోతుంది. మీ కాగితంలో ఏముందో తెలుసా? అక్కడ ఖాళీ నీళ్ళని ఉంది." మరి నేను చెప్తున్నాను కదా అన్నాను. "నువ్వు చెప్తే చాలదమ్మా. కాగితం చెప్పాలి," అని, పిల్లలతో కలిపి ఎంతమంది ఉన్నారో కూడా అడక్కుండానే చెప్పి, పెట్టేసింది.

దీవి పేరు కొట్టాను, ఆ చోట చుక్క పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఎర్రగా కసిరింది, ఇది నీళ్ళ మీద పడింది, నేల మీద పెట్టు అని. కొంచెం జరిపి పెట్టాను, నీళ్ళే. ఇంకొంచెం జరిపాను, పక్క దీవికి అతుక్కుంది, ఆ దీవి నిన్ననే ఖాళీ అయింది, దాని పేరుతో పంపితే పడవ ఎటు పోతుంది? తీసేశాను. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఎన్నిసార్లు కొట్టినా అదే ఎర్ర గీత. ఎంత మర్యాదగా చెప్తోందో చూడు, దయచేసి సరిచూసుకోండి అని. ఆనాడు లెక్క రాసుకున్న గుమాస్తా కూడా నాయినకు ఇంత మర్యాదగానే చెప్పి ఉంటాడు. స్క్రీను మీద చెయ్యి ఎత్తి కొట్టబోయాను, తలుపు దగ్గర ఆయన ఉలిక్కిపడి లేచాడు. నీళ్ళే! సరే, నీళ్ళే! మరి నీళ్ళ మీద ఏముంటాయి, చెప్పవే నీ తల్లి, నీళ్ళ మీద ఏముండొచ్చు నీ లెక్కలో? పుట్టి ఉండొచ్చు. మా ఊరందరినీ మోసిన పుట్టి ఉండొచ్చు. నీళ్ళ మీద నేల ఉండకూడదు, ఊరు ఉండకూడదు, దండెం మీద దుప్పటి ఉండకూడదు, కానీ ఓడ ఉండొచ్చు. ఓడలకు వేరే గది ఉంది ఈ సాఫ్ట్‌వేర్‌లో, తుఫాను దారిలో చిక్కుకున్న ఓడలను చూపించడానికి. ఈ సీజన్‌లో నేను దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

తెరిచాను. చుక్క పెట్టాను, అదే చోట. ఒక్క ముక్క అడ్డం చెప్పకుండా తీసుకుంది. ఓడ పేరు, లిటిల్ సోరెల్. రకం, సరుకు ఓడ, ప్రయాణికుల ఓడ, చేపల పడవ, ఇతర. ఇతర. ఎక్కిన మనుషులు, ఓడెట్ చెప్పిన లెక్క. వేగం సున్నా. తనంతట తాను కదలగలదా, లేదు. సాయం కావాలా? ఈ గడి దగ్గర నా కళ్ళు మసకబారాయి, కోపంతోనే, ఇంకో పేరు పెట్టొద్దు దానికి. కావాలి అని కొట్టాను. ఐదు కాకముందే రెండో తాళం కూడా నేనే తీశాను. బులెటిన్ పోయింది. తుఫాను పేరు కింద, దాని బలం కింద, మొదటిసారి ఆ పేరు వచ్చింది, దారిలో ఒక ఓడ, లిటిల్ సోరెల్, జనంతో ఉంది, కదలలేదు.

హేమంత్ ఫోన్ వెంటనే వచ్చింది. "ఆ షిప్ ఏంటి భూ? రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, ఏ దేశానిదో లేదు. ఎవరిది అది?"

"మా సుంకులపెంట, మీ తాత ఊరు ఇప్పుడు ఏ దేశంల ఉన్నయో, అది గూడ గా దేశందే సార్."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, ఇంగ్లీషు లేకుండా, "ఎంతమంది ఉన్నారు దాంట్లో?" అన్నాడు. గంట కింద అడగాల్సిన మాట అది. చుక్కలూ గళ్ళూ గీయకముందు అడగాల్సిన మాట. "స్క్రీన్ మీద ఉంది సార్, సూసుకోండ్రి," అని పెట్టేశాను. రేపటి సంగతి రేపు.

మా క్లయింటు పడవ స్క్రీను మీద పచ్చటి చుక్క. నిన్నటి సాయంత్రం నుంచి సోరెల్ రేవులో కదలకుండా ఉంది. ఇప్పుడు కదిలింది. ముందు నమ్మలేదు, ఇంకోసారి చూశాను, రేవు దాటింది, నీలంలోకి దిగింది, మ్యాపులో ఏమీ లేని చోటికి తిన్నగా పోతోంది. తుఫాను కన్ను ఇంకొంచెం బిగిసింది. నా కోపం తగ్గలేదు, ఒక్క రవ్వ కూడా తగ్గలేదు, ఒక్క దీవికి ఒక్క దొంగ దారి దొరికితే తగ్గే కోపం కాదది. మళ్ళీ అమ్మ ఫోన్.

"అన్నం దించిన. వస్తవా, రావా? సల్లారిపోతుంది."

"జర సేపే అమ్మా. పడవ పోయింది, ఇంకా చేరలే."

"ఏం పడవనే?"

"దీవిల మనుషులను ఎక్కించుకొచ్చే పడవ. నాయిన పుట్టి లెక్కనే."

అమ్మ చుట్టూ డప్పు ఇప్పుడు బాగా వినబడింది, ఎవరో జై తెలంగాణ అని అరిచారు, ఎవరో ఉప్పు అడిగారు.

"అందరెక్కిన్రా లేదా సూసి రా బిడ్డా," అంది అమ్మ. "ఎనకకు వోయినోడు ఎవడన్న ఉంటే, గాడొచ్చి ఎక్కేదాక సూడు. అన్నం మూత వెట్టి ఉంచుత."